ఒంటరిగా క్యాంపర్ వ్యానులో: హైదరాబాదు చుట్టూ అడవుల్లో నడక, బస, సౌకర్యాలు

హైదరాబాదు నుంచి రెండు మూడు గంటల ప్రయాణంలో నడవదగిన అడవులు చాలానే ఉన్నాయి. అయితే ఆ అడవులను చూడవలసిన వేళ తెల్లవారిన తరువాత మొదటి రెండు గంటలే. పొద్దున్నే ఇంట్లో కాఫీ తాగి బయలుదేరేవారికి ఆ రెండు గంటలూ ఔటర్ రింగ్ రోడ్డు మీదనే గడిచిపోతాయి. చేరేసరికి ఎండ ఎక్కి ఉంటుంది, పక్షులు సద్దుమణిగి ఉంటాయి, వారాంతమైతే కార్ల వరుస మొదలై ఉంటుంది. దగ్గరలోని రిసార్టులో ముందు రోజు రాత్రి దిగుదామంటే, ఒక్కరు ఉన్నా ఇద్దరి అద్దె చెబుతారు. ఆడవారు ఒంటరిగా వస్తే కొన్నిచోట్ల గది ఖాళీగా ఉన్నా లేదంటారు. పడకా పొయ్యీ వెంట ఉన్న వ్యాను అయితే ఈ చిక్కు తీరుతుందన్న ఆశతోనే ఈ చలికాలం ఒక చిన్న క్యాంపర్ వ్యానును అద్దెకు తీసుకొని అనంతగిరి, మెదక్ వైపు అడవులు, నల్లమల తిరిగి వచ్చాను. కొన్నిచోట్ల వ్యాను ఎంతో మేలు చేసింది, కొన్నిచోట్ల దాని అవసరమే లేదు.

ముందు బండి సంగతి. మన దగ్గర క్యాంపర్లలో ఎక్కువ భాగం ట్రావెలర్ బండి మీద కట్టిన పెద్దవి, డ్రైవరుతో సహా నలుగురైదుగురి కుటుంబానికి ఇచ్చేవి. ఒక్కరే నడుపుకొనే వారికి చిన్న వ్యానే మేలు, ఎందుకంటే పల్లె రోడ్డు మీద ఎదురుగా పత్తి ట్రాక్టరు వస్తే పక్కకు తీయవలసింది మనమే. అద్దెకు తీసుకునేటప్పుడు నంబరు ప్లేటు చూడాలి: స్వయంగా నడుపుకోవడానికి చట్టబద్ధంగా అద్దెకిచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు బండిని అద్దెకు నడిపేటప్పుడు ప్రమాదం జరిగితే బీమా చిక్కుల్లో పడుతుంది. లైసెన్సు గురించి కొందరికి అనుమానం ఉంటుంది. 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాన్ని మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది కనుక ఆ విషయంలో బెంగ అక్కరలేదు. నాకు బండి ఇచ్చినవారు పరుపు, దుప్పట్లు శుభ్రంగానే పెట్టారు గాని, గ్యాసు గొట్టం మీద ముద్రించిన గడువు తేదీ ఎప్పుడో దాటిపోయింది. అడిగిన తరువాత అరగంటలో కొత్తది తెచ్చి బిగించారు, నిజమే. కానీ అడగని వారి సంగతి ఏమిటి? పడుకునే చోటే పొయ్యి ఉండే బండిలో అన్నిటికంటే ముందు చూడవలసింది ఆ గొట్టమే. వంట చేసినంతసేపూ పైకప్పు కిటికీ తెరిచి ఉంచాలి, చలి వేస్తోందని పొయ్యి వెలిగించి తలుపులు మూసుకోవడం ప్రాణాంతకం.

కరెంటు లెక్క కూడా చెప్పాలి. బండిలో ఉన్నది 12 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ. అంటే సుమారు రెండున్నర యూనిట్ల కరెంటు. రాత్రంతా ఫ్యాను, చిన్న ఫ్రిజ్, రెండు లైట్లు నడిచినా అందులో పావు వంతు మాత్రమే ఖర్చవుతుంది, పగలు సోలార్ పలక, బండి ఆల్టర్నేటరు కలిసి దాన్ని నింపేస్తాయి. ఏసీ వేస్తే మాత్రం అదే బ్యాటరీ రెండు గంటలు కూడా నిలవదు. కనుక మన ప్రాంతంలో ఈ ప్రయాణాలకు నవంబరు నుంచి ఫిబ్రవరి సగం వరకే అదను. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలబెట్టిన ఇనుప డబ్బాలో ఎవరూ పడుకోలేరు, బయటి కరెంటు తీగ కలుపుకొనే ఏర్పాటు ఉన్న క్యారవాన్ పార్కు ఈ దారుల్లో నాకు ఒక్కటీ తగలలేదు. కేంద్ర పర్యాటక శాఖ క్యారవాన్ల కోసం 2009లోనే ఒక విధానం ప్రకటించింది. కేరళ 2021లో సొంతంగా క్యారవాన్ పర్యాటకం మొదలుపెట్టింది. చుట్టూ ఇన్ని చెరువులు, ఇన్ని అడవులు ఉన్న హైదరాబాదుకు నాలుగు ప్లగ్గులు, ఒక నల్లా, ఒక మురుగు తొట్టి ఉన్న చిన్న జాగా ఇంకా సమకూరకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

నగరంలోని పార్కులకు వ్యాను వద్దు. జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కుకు మెట్రోలో చెక్‌పోస్టు స్టేషనులో దిగి వెళ్లడమే సుఖం, ఆ చుట్టుపక్కల పొడవాటి బండికి చోటు దొరకడం కల్ల. వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేటస్థలం. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆ పేరు వచ్చింది. కృష్ణజింకలను చూడడానికి అది మంచి చోటే, అయితే విజయవాడ రహదారి హోరు లోపలి దాకా వినబడుతుంది. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లోని గ్రానైటు గుండ్ల మధ్య నడక నాకు వీటన్నిటికంటే ఇష్టం. ఆ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఈ మూడింటికీ ఇంట్లో పడుకొని పొద్దున్నే వెళ్లవచ్చు.

వ్యాను అసలు విలువ అనంతగిరిలో తెలిసింది. హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా వికారాబాదుకు సుమారు 75 కిలోమీటర్లు. దారిలో మన్నెగూడ వరకు రోడ్డుకు రెండు వైపులా వందలాది మర్రిచెట్లు ఉన్నాయి, రోడ్డు విస్తరణలో వాటిని కొట్టివేయకుండా కాపాడడానికి ప్రకృతి ప్రేమికులు ఏళ్ల తరబడి పోరాడారు. ఆ నీడలో వ్యానును నెమ్మదిగా నడపాలి, ఎందుకంటే కార్లకు తగలని ఊడలూ కొమ్మలూ ఎత్తయిన బండి పైకప్పును గీస్తాయి. చేవెళ్ల దాటిన తరువాత నేల రంగు మారడం గమనించవచ్చు. హైదరాబాదు గుండ్లు వెనకబడి నల్లరేగడి వస్తుంది, కొండ ఎక్కితే మళ్లీ ఎర్రమట్టి. కింద దక్కన్ లావా రాయి, పైన అది లక్షల ఏళ్లు వానకు నాని మారిన లేటరైట్ అనే ఎర్రరాయి. చిల్లులు చిల్లులుగా ఉండే ఆ రాయి వాననీటిని పీల్చుకొని దాచుకుంటుంది, కొండ అంచుల్లో ఊటలుగా వదులుతుంది. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. 1908 సెప్టెంబరు 28న నగరాన్ని ముంచెత్తిన నది, ఆ వరద తరువాత 1920లో గండిపేట చెరువు కట్టి అదుపు చేసిన నది, నేడు నగరంలో ముక్కు మూసుకొని దాటే నది, ఇక్కడ రాళ్ల సందున అరచేతిలో పట్టేటంత తేటగా పారుతుంది. హైదరాబాదులో ఉండే ప్రతి ఒక్కరూ కనీసం ఒక్కసారి వచ్చి ఈ నీటిని చూడాలని నా కోరిక.

అనంత పద్మనాభ స్వామి గుడి దిగువన అడవిలోకి వెళ్లే కాలిబాటలు ఉన్నాయి. నేను వెలుగు రాగానే బయలుదేరి, ఎండ ముదరక ముందే తిరిగి వచ్చేదాన్ని. ఆ వేళ బాట మీద మరో మనిషి కనిపించేవాడు కాదు. డిసెంబరులో అడవి పూర్తిగా పచ్చగానూ ఉండదు, మోడుబారీ ఉండదు. టేకాకులు చాలావరకు రాలి బాట మీద పరుచుకొని ఉంటాయి. ఒక ఆకును తీసి చూస్తే, పురుగు పచ్చదనమంతా తినివేసి ఈనెలను మాత్రం వదిలింది. ఆ ఈనెల అల్లికలో ఒక్క పోగూ తెగలేదు, ఆకు ఆకారం చెక్కుచెదరలేదు. వెలుతురుకు పట్టుకుంటే అవతలి చెట్లు ఆ గళ్లలోంచి కనిపించాయి. ఎండుటాకుల మీద అడుగు వేస్తే చప్పుడు చాలా దూరం పోతుంది కనుక జంతువులు కనబడతాయని ఆశించకూడదు. నెమళ్ల కేకలు, కముజు పిట్టల అరుపులు మాత్రం కొండంతా వినిపిస్తాయి. ఫుల్ ప్యాంటు, పొడవాటి మేజోళ్లు తప్పనిసరి. గడ్డిలో పిడుదులు ఉంటాయి, తిరిగి వచ్చాక మోకాలి వెనుక, నడుము దగ్గర వెతుక్కొని తీసివేయాలి. రాళ్ల కుప్పల మీద కాలు పెట్టే ముందు కర్రతో తట్టడం మరువకూడదు, రక్తపింజరి కదలకుండా పడుకొని ఉంటుంది.

బస విషయంలో అనంతగిరిలో మూడు రకాలు చూశాను. పర్యాటక సంస్థ వారి హరిత హోటలు కొండ మీదనే ఉంది. ఒంటరిగా వచ్చినవారికి అక్కడ భోజనం చేసి రావడానికైనా అది మంచి ఆసరా. ఒక ప్రైవేటు రిసార్టు వారు వ్యాను తమ ఆవరణలో నిలుపుకోవడానికి డబ్బు తీసుకొని, స్నానానికి ఒక గది తాళం ఇచ్చారు. వేడినీళ్లు వచ్చాయి, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంది. కానీ రాత్రి పదకొండు దాటినా డీజే ఆపలేదు. అడవి అంచున ఆ హోరు ఎందుకో నాకు అర్థం కాదు. ఫిర్యాదు చేస్తే, "వీకెండ్ కదా మేడమ్, గెస్టులు వింటలేరు" అన్నారు. మరునాడు గుడి దగ్గర, అక్కడి వారిని అడిగి, దీపస్తంభానికి కాస్త ఎడంగా బండి నిలుపుకున్నాను. కొబ్బరికాయలు అమ్మే పెద్దావిడ వచ్చి బండి లోపలికి తొంగి చూసింది.

"ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? భయమైతలేదా?"

"మీరంతా ఉన్నరు కదమ్మా," అన్నాను.

"మేం పొద్దుమూకినంక ఇంటికి పోతం. వాచ్‌మెన్ ఉంటడు, వానికి చెప్తా. కిటికీలు మాత్రం మూసుకో, కోతులు శానా పాడువి."

ఆమె చెప్పినట్టే కోతులు తెల్లవారుజామునే పైకప్పు మీదికి దిగాయి. పైకిటికీ వల గట్టిగా బిగించి ఉండకపోతే అరటిపండ్ల సంచి దక్కేది కాదు. అయినా ఆ రాత్రి నిద్రే ఈ ప్రయాణమంతటిలో హాయిగా పట్టిన నిద్ర. డబ్బు పోసిన చోట దొరకని నిశ్శబ్దం, అడిగి పడుకున్న చోట దొరికింది. అయితే గుడి ఆవరణలో బస చేసేవారు దాన్ని హక్కుగా భావించకూడదు. ముందు అడగాలి, మాంసం, మద్యం బండిలో ఉండకూడదు, గిన్నెలు కడిగిన నీళ్లు అక్కడ వదలకూడదు, పొద్దున భక్తులు వచ్చే వేళకు జాగా ఖాళీ చేయాలి.

కోట్‌పల్లి జలాశయానికి వెళ్లాను కాని, కయాకింగ్ గుంపుల సందడిలో నడకకు చెప్పుకోదగినదేమీ లేదు. వికారాబాదు వైపు దామగుండం అడవిలో నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది; పాత నడక దారుల వివరాలు నమ్ముకొని అటు వెళ్లేవారు స్థానికులను అడిగి తెలుసుకోవడం మంచిది.

మెదక్ దారి స్వభావం వేరు. నర్సాపూర్ నగరానికి దాదాపు 50 కిలోమీటర్లు. రోడ్డుకు ఇరువైపులా రిజర్వు అడవి, 2020లో ప్రారంభమైన అర్బన్ ఫారెస్టు పార్కు, అందులో చదును చేసిన నడక బాట, వాచ్‌టవర్ ఉన్నాయి. పెద్దవారితోనూ పిల్లలతోనూ వచ్చేవారికి ఇది అనంతగిరి కంటే అనువైనది, దారి తప్పే భయం లేదు. ఒంటరిగా నడవాలనుకునే వారికి మాత్రం బాట చాలా తొందరగా అయిపోయినట్టు అనిపిస్తుంది. అక్కడి నుంచి మెదక్ చేరితే కనిపించే చర్చి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కరువు కాలంలో ఆకలితో ఉన్న జనానికి పని, తిండి కల్పించడం కోసం మిషనరీ పాస్నెట్ దొరగారు కట్టించిన కట్టడం అది, 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరిచారు. క్రిస్మస్ రోజుల్లో ఊరంతా జాతరగా ఉంటుంది, వ్యానుతో ఆ సమయంలో అటు వెళ్లవద్దు.

మెదక్ దాటి సుమారు 15 కిలోమీటర్లు పోతే పోచారం. 1922 నాటికి కట్టిన జలాశయం, దాని చుట్టూ 1952లో ప్రకటించిన అభయారణ్యం. చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చే బార్ హెడెడ్ గూస్ బాతులు ఇక్కడ దిగుతాయి. వాటిని చూడాలంటే పొద్దు పొడిచే వేళకు నీటి అంచున ఉండాలి. కట్ట మీద నడక, జింకల కేంద్రం, దూరంగా నీటి మీద వాలిన గుంపులు, ఇంత మంచి చోటులో తాగునీటి నల్లాకూ మరుగుదొడ్డికీ వెతుక్కోవలసి రావడం విచారకరం. రాత్రి అక్కడ నిలపడానికి అనుమతి లేదని చెప్పారు, అది సబబే. వెనక్కి మెదక్ రోడ్డుకు వచ్చి ఒక పెట్రోలు బంకులో అడిగితే మేనేజరు సీసీ కెమెరా కింద చోటు చూపించారు. లారీల రాకపోకలతో నిద్ర ముక్కలు ముక్కలైంది కాని, వెలుతురు, మనుషుల అలికిడి ఉండడంతో భయం వేయలేదు. కొత్తగా ఒంటరిగా బయలుదేరే ఆడవారికి మొదటి రాత్రికి నేను బంకునే సూచిస్తాను, గుడిని కాదు. బంకుల్లో తాగునీరు, టైర్లకు గాలి, మరుగుదొడ్డి అందరికీ ఉచితంగా ఉంచాలన్నది నియమం. డీజిల్ కొట్టించకపోయినా మొహమాటపడవలసిన పని లేదు.

మరుగుదొడ్డి గురించి ఎవరూ రాయరు, అందరూ అడుగుతారు. నా బండిలో ఉన్నది కింద పెట్టె బయటికి లాగి ఖాళీ చేసే రకం. ఒక్కరికి రెండు రోజులు వస్తుంది, మూడో రోజు పొద్దున్నకు తప్పనిసరిగా ఖాళీ చేయాలి. దాన్ని సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డిలోనే ఒంపాలి. అడవిలోనో చెరువు పక్కనో ఒంపడం ఆ నీటినే తాగే పశువులకు, మనుషులకు చేసే ద్రోహం. బంకు వారికి, ధాబా వారికి విషయం వివరించి అడిగితే చాలామంది సరే అన్నారు, అన్నవారికి ఒక వంద రూపాయలు ఇచ్చి, బకెట్టు నీళ్లతో నేనే శుభ్రంగా కడిగి వచ్చాను. మంచినీళ్లకు మాత్రం తెలంగాణ పల్లెల్లో ఏ లోటూ లేదు. ప్రతి పెద్ద ఊళ్లోనూ వాటర్ ప్లాంటు ఉంటుంది, ఇరవై లీటర్ల క్యాను నింపి ఇస్తారు. స్నానానికీ గిన్నెలకూ ట్యాంకులోని 70 లీటర్లు, తాగడానికి క్యాను, ఇలా విడిగా పెట్టుకుంటే రెండు రోజులు నిశ్చింతగా గడుస్తాయి.

ఇక నల్లమల. మన్ననూరు హైదరాబాదు నుంచి సుమారు 140 కిలోమీటర్లు, శ్రీశైలం దారిలో అడవి మొదలయ్యే చోటు. 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణం గల అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇది, రాష్ట్ర విభజన తరువాత నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం నుంచి తెలంగాణ భాగంగా విడివడింది. ఇక్కడ మన ఇష్టం వచ్చినట్టు నడవడం కుదరదు, కుదరకూడదు కూడా. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు అడవి దారిని మూసివేస్తారు. దారి పక్కన బండి ఆపి పడుకోవడం నిషిద్ధం. ప్లాస్టిక్ సీసాలు, సంచులు తీసుకుపోనివ్వరు కనుక స్టీలు సీసాలు ముందే సర్దుకోవాలి. వ్యాను వల్ల ఇతర చోట్ల కలిగే లాభం, అంటే గేటు ముందు పడుకొని తెల్లవారగానే లోపలికి పోవడం, ఇక్కడ లేనే లేదు. అటవీ శాఖ వారు మన్ననూరులో కాటేజీలు నడుపుతున్నారు. బస, ఫరహాబాద్ వైపు సఫారీ, గైడ్‌తో నడక కలిపి ప్యాకేజీగా ఆన్‌లైనులో బుక్ చేసుకోవచ్చు. ఒక్కరికీ ఇద్దరికీ ధర ఒకటే కావడం నాకు నచ్చలేదు, అయినా ఆ ధర ఇచ్చి ఉండదగిన చోటు.

నాతో నడిచిన గైడ్ స్థానిక చెంచు యువకుడు. నేను చెట్లు చూస్తుంటే అతను నేల చూసేవాడు. ఒక ఇప్ప చెట్టు దగ్గర ఆగి, బెరడు మీద ఛాతీ ఎత్తు నుంచి పైదాకా సమాంతరంగా దిగిన గీతలు చూపించాడు. "ఎలుగు ఎక్కింది మేడమ్. పైన తేనె ఉండె." గీతలోకి వేలు పెడితే గోరు మొత్తం దిగింది, అంచుల నుంచి కారిన జిగురు గట్టిపడి ఎర్రగా మెరుస్తోంది. ఆ నడకలో పులి కనబడలేదు, కనబడాలని నేను కోరుకోనూ లేదు. ఆ గంటన్నరలో అతని వెంట తెలుసుకున్నది సఫారీ జీపులో తిరిగిన సమయమంతా కలిపినా దక్కలేదు. కనుక సఫారీ, నడక రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వస్తే నడకనే ఎంచుకోండి. మల్లెలతీర్థానికి సుమారు 350 మెట్లు దిగాలి. చలికాలం చివరికి నీళ్లు సన్నగిల్లుతాయి కనుక జలపాతం కోసమే వెళ్లేవారు వానలు తగ్గిన తరువాతి వారాల్లో వెళ్లాలి. వానాకాలంలో సఫారీలు ఉండవు.

మన్ననూరులో ఉన్నన్ని రోజులూ వ్యాను కాటేజీల ముందు ఊరికే నిలబడి ఉంది, దాని అద్దె మాత్రం రోజువారీగా పడుతూనే ఉంది. మళ్లీ నల్లమలకు వెళ్లేటప్పుడు దాన్ని తీసుకుపోను. హైదరాబాదు ఎంజీబీఎస్ బస్‌స్టేషను నుంచి శ్రీశైలం పోయే ఆర్టీసీ బస్సులు మన్ననూరు మీదుగానే వెళతాయి. పొద్దున బస్సు ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు కాటేజీకి చేరవచ్చు, బండి అద్దెలో మిగిలిన డబ్బుతో గైడ్‌తో మరో నడకకు వెళ్లవచ్చు.